ఆజ్ఞకు అదనంగా ఏదీ చేర్చకూడదు: యూదు ధర్మంలోని ‘బల్ తోసీఫ్’ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక దీపం పెట్టమంటే రెండు పెట్టడం, ఒక పూట ఉపవాసం ఉండమంటే రోజంతా ఉండడం భక్తికి గుర్తేనని మనలో చాలామంది అనుకుంటాం. యూదు ధర్మం ఈ విషయంలో వేరే మాట చెబుతుంది. దేవుడు ఇచ్చిన ఆజ్ఞను మీరడం ఎలా తప్పో, దానికి సొంతంగా ఇంకొంత జోడించడం కూడా అలాగే తప్పని తోరా, అంటే మోషే ఐదు గ్రంథాలు, చెబుతుంది. యూదు ధర్మాన్ని తెలుగులో చదువుకుంటున్నవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలకు నాకు తెలిసినంత మేరకు ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను.

‘బల్ తోసీఫ్’ అంటే ఏమిటి?

హీబ్రూలో ‘చేర్చకూడదు’ అని అర్థం. దీనికి జంటగా ‘బల్ తిగ్రా’, అంటే ‘తగ్గించకూడదు’ అనే నిషేధం ఉంది. తోరాలో మొత్తం 613 ఆజ్ఞలు ఉన్నాయని తాల్ముదు (రబ్బీలు అనే యూదు ధర్మపండితుల చర్చల సంకలనం) కాలపు రబ్బీ సిమ్లాయ్ చెప్పిన లెక్క ప్రసిద్ధం. అందులో చేయవలసినవి 248, చేయకూడనివి 365. ఆ 365లో ఈ రెండూ చేరతాయి. ఆజ్ఞలన్నిటినీ వరుసపెట్టి లెక్కించిన మధ్యయుగపు పండితుడు మైమోనిడీస్ (1138–1204) తన జాబితాలోని నిషేధాలలో వీటికి 313, 314 సంఖ్యలు ఇచ్చాడు.

తెలుగు బైబిల్లో ఈ మాట ఎక్కడ ఉంది?

ద్వితీయోపదేశకాండము 4వ అధ్యాయం 2వ వచనంలో ఒకసారి, 12వ అధ్యాయం 32వ వచనంలో ఇంకోసారి ఉంది. రెండో దాని విషయంలో ఒక చిన్న జాగ్రత్త అవసరం. హీబ్రూ ప్రతులలో అది 12వ అధ్యాయానికి చివరి వచనం కాదు, 13వ అధ్యాయానికి మొదటి వచనం. అందుకే యూదు గ్రంథాలలో ‘ద్వితీయోపదేశకాండము 13:1’ అని కనబడితే తెలుగు బైబిల్లో 12:32 చూడాలి. ఈ తేడా అంకెలతో ఆగిపోదని నాకు అనిపిస్తుంది. హీబ్రూ విభజన ప్రకారం చదివితే, చేర్చకూడదు, తీసివేయకూడదు అన్న వెంటనే, సూచక క్రియలు చూపించి ప్రజలను వేరే దేవతల వైపు తిప్పే ప్రవక్తను నమ్మవద్దన్న హెచ్చరిక వస్తుంది. దేవుని మాటకు కొత్త మాట కలిపే అధికారం ఎంత పెద్ద అద్భుతం చేసినవాడికైనా లేదన్న భావం ఆ వరుసలోనే కనిపిస్తుంది.

ఆచరణలో చేర్చడం అంటే ఎలా ఉంటుంది? ఒక ఉదాహరణ చెప్పగలరా?

ఫ్రాన్సుకు చెందిన వ్యాఖ్యాత రాషి (1040–1105) 4:2 వచనం దగ్గర మూడు ఉదాహరణలు ఇస్తాడు. ప్రార్థనవేళ కట్టుకునే తోలు పెట్టె తెఫిలిన్‌లో ఐదు తోరా భాగాలు పెట్టడం, పర్ణశాలల పండుగలో ఐదు రకాల మొక్కలు పట్టుకోవడం, వస్త్రానికి ఐదు కుచ్చులు కట్టడం. మూడింటిలోనూ తోరా చెప్పిన సంఖ్య నాలుగు.

తెఫిలిన్‌ను కొంచెం దగ్గరగా చూస్తే విషయం స్పష్టమవుతుంది. ‘నీ కన్నుల నడుమ బాసికమువలె ఉండవలెను’ అని ద్వితీయోపదేశకాండము 6:8ని అనువదించిన తెలుగు పండితులు పెళ్లి బాసికాన్ని గుర్తుచేసుకున్నారు. సువార్తలో వచ్చే ‘రక్షరేకులు’ కూడా ఇవే. నుదుటికి పైన కట్టుకునే నల్లని తోలు పెట్టెలో పక్కపక్కనే నాలుగు అరలు ఉంటాయి. నిర్గమకాండము 13వ అధ్యాయం నుంచి రెండు భాగాలను, ద్వితీయోపదేశకాండము 6, 11 అధ్యాయాల నుంచి ఒక్కొక్క భాగాన్ని నాలుగు చిన్న తోలుపత్రాలపై చేతితో రాసి, చుట్టి, ఒక్కో అరలో ఒక్కొక్కటి పెడతారు. చేతికి కట్టుకునే పెట్టెలో ఒకే అర ఉంటుంది, అదే నాలుగు భాగాలు అందులో ఒకే పత్రంపై ఉంటాయి. ఇప్పుడు ఒక భక్తుడు పది ఆజ్ఞలు కూడా గొప్పవే కదా అనుకుని, వాటిని రాసిన పత్రం కోసం ఐదో అర కుట్టించాడనుకుందాం. రాసింది దేవుని మాటే, ఉద్దేశమూ మంచిదే. అయినా అతడు ఆజ్ఞను మీరినట్లే.

మంచి ఉద్దేశంతో చేసినా తప్పేనా?

తప్పేనని చెప్పడానికి తాల్ముదు ఎంచుకున్న ఉదాహరణ యాజకుల దీవెన. నా దృష్టిలో ఈ అంశం మొత్తంలో ఆలోచింపజేసే సందర్భం ఇదే. సంఖ్యాకాండము 6వ అధ్యాయంలోని ఈ దీవెన హీబ్రూలో మూడు వాక్యాలు. మొదటి దానిలో మూడు పదాలు, రెండో దానిలో ఐదు, మూడో దానిలో ఏడు, మొత్తం పదిహేను. యాజక వంశస్థులు ప్రార్థనా వస్త్రాన్ని తలమీదుగా కప్పుకుని, చేతులు చాచి సమాజం ఎదుట నిలబడతారు. ప్రార్థన నడిపించేవాడు ఒక్కో పదం అందిస్తే దాన్ని వారు పలుకుతారు. ఆ సమయంలో ఒక యాజకుడు ‘తోరా నాకు దీవించే అధికారం ఇచ్చింది కదా’ అనుకుని, ‘మీ పితరుల దేవుడు మిమ్మును వేయిరెట్లు ఎక్కువ చేయును గాక’ అన్న మాటను సొంతంగా కలిపితే అతడు ‘చేర్చకూడదు’ అన్న ఆజ్ఞను మీరినట్లేనని తాల్ముదులోని రోష్ హషానా భాగం చెబుతుంది. ఆ కలిపిన మాట అతడు అల్లింది కాదు. అది ద్వితీయోపదేశకాండము 1:11లో మోషే స్వయంగా పలికిన దీవెన. పవిత్రమైన మాటనే, ప్రజల మేలు కోరుతూనే, కొలత మీరి పలకడం నిషేధమయింది.

ఈ నిషేధం భక్తిని అణచడానికి పుట్టిందని నేను అనుకోను. ఆ యాజకుడు పలుకుతున్నది ఒకరి తరఫున. దూత తనకు అప్పగించిన సందేశంలో తన మాట కలిపితే, వినేవారికి ఏది యజమాని మాటో, ఏది దూత మాటో తెలియకుండా పోతుంది.

అలాగైతే రబ్బీలు వందల కొద్దీ నియమాలు ఎలా చేర్చారు?

అందరూ అడిగే ప్రశ్న ఇదే, అడగవలసిన ప్రశ్న కూడా ఇదే. తాల్ముదుకు మూలమైన ధర్మసంగ్రహం మిష్నాలోని ‘పితరుల నీతివాక్యాలు’ మొదటి వాక్యంలోనే ‘తోరా చుట్టూ కంచె వేయండి’ అన్న మాట ఉంది. ద్వితీయోపదేశకాండము 17:11 ఆయా కాలపు న్యాయాధిపతులు చెప్పినదాని నుంచి తొలగవద్దంటుంది. ఇటు కంచె వేయమంటూ, అటు చేర్చవద్దంటే ఎలా పొసగుతుంది?

మైమోనిడీస్ దీనికిచ్చిన సమాధానం వంటింటి నుంచి వచ్చింది. మేకపిల్లను దాని తల్లి పాలలో ఉడకబెట్టకూడదని తోరా మూడు చోట్ల చెబుతుంది. దీని నుంచే మాంసాన్ని, పాలను కలిపి వండకూడదన్న నియమం వచ్చింది. కోడిమాంసం సంగతేమిటి? కోడి పాలివ్వదు. కోడి తోరా నిషేధంలోకి రాదని రబ్బీ అకీవా మిష్నాలో చెప్పాడు. గలిలయవాడైన రబ్బీ యోసే ఉండే ఊళ్లో కోడిమాంసాన్ని పాలతో కలిపి తినేవారని కూడా తాల్ముదు నమోదు చేసింది. తర్వాతి కాలంలో రబ్బీలు దాన్నీ నిషేధించారు. నేటికీ యూదు ఇళ్లలో పెరుగులో నానబెట్టిన కోడికూర వండరు. ఇది చేర్చడం కాదా?

మైమోనిడీస్ అంటాడు: ఒక న్యాయసభ ‘కోడి కూడా మేకపిల్ల అన్న మాటలో ఇమిడి ఉంది, తోరాయే దీన్ని నిషేధించింది’ అని చెబితే అది చేర్చడమే, ఆ సభ ఆజ్ఞను మీరినట్లే. అలా కాక, ‘తోరా ప్రకారం కోడి అనుమతమే. కానీ కోడిని వదిలేస్తే రేపు అడవి జంతువులనూ, ఎల్లుండి తల్లి పాలు కాని వేరే పాలనూ వదిలేస్తారు. అందుకని మేము నిషేధిస్తున్నాం, ఇది మా కట్టడి అని తెలుసుకోండి’ అని చెబితే అది కంచె. రెండు సందర్భాలలోనూ వంటగదిలో జరిగేది ఒకటే, కోడిని పాలతో వండకపోవడమే. తేడా అంతా ఆ కట్టడిని ఎవరి పేరున చెలామణి చేస్తున్నారన్న దగ్గరే ఉంది. మనిషి పెట్టిన నియమాన్ని మనిషి పెట్టినదిగా చెప్పినంతకాలం దేవుని ఆజ్ఞ చెక్కుచెదరదు.

ఈ వివరణను అందరూ ఒప్పుకున్నారా?

లేదు. మైమోనిడీస్‌కు సమకాలికుడు, ఆయన గ్రంథంపై కటువైన విమర్శలు రాసిన ప్రోవాన్స్ పండితుడు రాబాద్ దీన్ని ఒప్పుకోలేదు. రక్షణ కోసం వేసిన కట్టడిని పండితులు ఒక వచనానికి ఆనించి చెప్పినా అది చేర్చడం కాదని, నిషేధం తెఫిలిన్, కుచ్చులు, పండుగ మొక్కలు వంటి చేయవలసిన ఆజ్ఞల కొలతలకే వర్తిస్తుందని ఆయన వాదం. స్పెయిన్‌కు చెందిన నహ్మనిదీస్ (1194–1270) కంచె మంచిదేనని, అయితే అది కంచె అని, తోరాలో దేవుడు చెప్పింది కాదని తెలిసి ఉండాలని రాశాడు. ఈ విషయంలో ఆయన మైమోనిడీస్‌కు దగ్గరగా నిలుస్తాడు. నాకు కూడా ఈ పక్షమే బలమైనదిగా తోస్తుంది. కొలత దాటకపోయినా, మూలం మార్చి చెప్పడం వల్ల జరిగే నష్టం తక్కువది కాదు.

ఆ నష్టం ఏమిటి?

తాల్ముదు దీనికి ఆదాము హవ్వల కథనే చూపిస్తుంది. ఆదికాండము 2:17లో దేవుడు ఆ చెట్టు పండు తినవద్దన్నాడు, అంతే. 3:3లో హవ్వ సర్పంతో మాట్లాడుతూ ‘తినకూడదు, ముట్టుకోకూడదు’ అని దేవుడు చెప్పాడంటుంది. ముట్టుకోవద్దన్న మాట దేవుడు చెప్పింది కాదు. ప్రాచీన వ్యాఖ్యానం ప్రకారం సర్పం ఆమెను ఆ చెట్టు మీదికి తోసి, ‘చూశావా, ముట్టుకున్నా చావలేదు, తిన్నా చావవు’ అన్నది. ‘చేర్చేవాడు తగ్గిస్తాడు’ అన్న ప్రసిద్ధ వాక్యాన్ని సన్హెద్రిన్ భాగం ఈ వచనం నుంచే తీసింది. ముట్టుకోకుండా ఉండడంలో తప్పేమీ లేదు, అది మంచి కంచె. దాన్ని దేవుని నోటి మాటగా చెప్పడంతో, కంచె విరిగినప్పుడు అసలు ఆజ్ఞ మీద నమ్మకం కూడా పోయింది.

చేర్చడాన్ని, తగ్గించడాన్ని ఒకే వచనంలో ఎందుకు కలిపి చెప్పారు?

18వ శతాబ్దపు తూర్పు యూరపులో ‘దుబ్నో మగ్గిద్’గా పేరుపొందిన ప్రసంగకుడు రబ్బీ యాకోవ్ క్రాంజ్ చెప్పినదిగా ఒక పిట్టకథ ప్రచారంలో ఉంది. ఒకడు పొరుగింటి నుంచి ఒక చెంచా అరువు తెచ్చుకుని, మర్నాడు దానితో పాటు చిన్న చెంచా కూడా ఇచ్చి ‘మీ చెంచా ఈనింది’ అన్నాడు. పొరుగువాడు ఆశకొద్దీ మాట్లాడకుండా తీసుకున్నాడు. ఇలా ఒకటి రెండు సార్లు అయ్యాక వెండి దీపస్తంభాలు అరువడిగి, వాటిని తిరిగి ఇవ్వకుండా ‘మీ దీపస్తంభాలు చనిపోయాయి’ అన్నాడు. ‘దీపస్తంభాలు చావడమేమిటి?’ అని పొరుగువాడు మండిపడితే, ‘చెంచా ఈనిందంటే నమ్మావు కదా’ అని జవాబు వచ్చింది. ఆజ్ఞ పెరగగలదని ఒప్పుకున్నవాడు, అది తరగగలదన్నప్పుడు కాదనలేడు.

రెండు ఆజ్ఞలూ ఎదురెదురు పడితే?

మిష్నాలోని జెవాహీమ్ భాగంలో దీనిపై ఒక వాదన ఉంది. దేవాలయంలో కొన్ని బలుల రక్తాన్ని బలిపీఠానికి ఒక్కసారి, కొన్నింటి రక్తాన్ని నాలుగుసార్లు పూయాలి. రెండు రకాల రక్తం ఒకే పాత్రలో కలిసిపోతే ఏం చేయాలి? నాలుగుసార్లు పూయాలని రబ్బీ ఎలియెజెర్, ఒక్కసారే పూయాలని రబ్బీ యెహోషువా అన్నారు. ‘ఒక్కసారితో ఆపితే తగ్గించినట్లు’ అని ఒకరు, ‘నాలుగుసార్లు పూస్తే చేర్చినట్లు’ అని ఇంకొకరు వాదించుకున్నారు. చివరికి రబ్బీ యెహోషువా ఇలా అంటాడు: పూసినప్పుడు చేర్చిన తప్పు నీ చేతులారా జరుగుతుంది, పూయనప్పుడు తగ్గించిన తప్పు జరిగినా నువ్వు చేతితో చేసిందేమీ ఉండదు. దేవాలయం కూలి రెండు వేల ఏళ్లకు దగ్గరవుతున్నా ఈ వాదనను నేటికీ చదువుతున్నారు. ఎందుకంటే, సందేహంలో పడ్డప్పుడు ఇంకొంచెం చేయడమే సురక్షితమని అందరం అనుకునే చోట, చేయకుండా ఉండడానికి కూడా బలమైన కారణం ఉండవచ్చని అది చూపిస్తుంది.

సమయం దాటాక చేసినా చేర్చినట్లేనా?

పర్ణశాలల పండుగలో ఏడు రోజులు ఆకుల పైకప్పు ఉన్న పందిట్లో ఉండాలి. ఎనిమిదో రోజు అందులో నిద్రపోతే తప్పా? పండుగ ఆజ్ఞను నెరవేర్చాలన్న ఉద్దేశంతో పడుకుంటేనే తప్పని, చల్లగా ఉందని పడుకుంటే కాదని రావా అనే పండితుడు తేల్చాడు. ఆజ్ఞకు చెందిన వేళలోనైతే ఉద్దేశం లేకపోయినా చేర్చినట్లవుతుందని, వేళ దాటాక ఉద్దేశం ఉంటేనే అవుతుందని ఆయన సూత్రం. అయినా ఇశ్రాయేలు దేశంలో ఎనిమిదో రోజు పందిట్లోనే తినక తప్పనివాడు, పైకప్పు ఆకులను నాలుగు బెత్తెల మేర తొలగించి, ఇది ఇక ఆజ్ఞ కోసం కాదని కంటికి కనబడేలా చేయాలన్నారు. ఇశ్రాయేలు వెలుపల పండుగ తేదీపై ప్రాచీనకాలపు సందేహం కారణంగా ఎనిమిదో రోజు కూడా పందిట్లో కూర్చునే ఆచారం ఉంది. కానీ ఆ రోజు ‘పందిట్లో కూర్చోమని ఆజ్ఞాపించావు’ అన్న స్తుతివాక్యం చెప్పరు. కూర్చుంటారు, ఆజ్ఞ అని మాత్రం అనరు.

ఒకే ఆజ్ఞను రెండుసార్లు చేయడం, అందంగా చేయడం కూడా నిషేధమేనా?

కాదు. అదే ఆజ్ఞను మళ్లీ చేయడం చేర్చడం కాదని తోసాఫోత్ అనే మధ్యయుగపు తాల్ముదు వ్యాఖ్యలు రాసినవారు వివరించారు. పర్ణశాలల పండుగలో ఖర్జూరపు మట్టతో కట్టే గొంజి రెమ్మలను అందం కోసం ఎక్కువ పెట్టవచ్చు, ఐదో రకం మొక్కను మాత్రం పెట్టకూడదు. తెఫిలిన్‌లో పత్రాల వరుసపై రాషికి, ఆయన మనవడు రబ్బేను తామ్‌కు భేదాభిప్రాయం ఉంది. అందువల్ల కొందరు రెండు జతలూ ధరిస్తారు. రెండూ ఒకేసారి కట్టుకునేవాడు, ‘వీటిలో ఏది సరైనదో దానితోనే ఆజ్ఞ నెరవేరుతోంది, రెండోది ఉత్త తోలుపట్టీలే’ అని మనసులో అనుకోవాలని 16వ శతాబ్దపు ధర్మసంగ్రహం షుల్హాన్ ఆరుఖ్ చెబుతుంది.

పస్కాలో అన్నం తినకపోవడం చేర్చడం కాదా?

తెలుగువారికి ఈ ప్రశ్న రావడం సహజం. పస్కాలో పులిసిన ధాన్యం నిషేధం. అది గోధుమ, బార్లీ వంటి ఐదు ధాన్యాలకే వర్తిస్తుందన్నది స్థిరపడిన అభిప్రాయం. పస్కా రాత్రి విందులో పెట్టవలసిన రెండు వండిన పదార్థాలుగా తాల్ముదు పండితుడు రవ్ హునా బీట్‌దుంపల కూరను, అన్నాన్ని పేర్కొన్నాడు. కానీ మధ్యయుగంలో యూరపులోని అష్కెనాజీ యూదులు వరిని, పప్పుధాన్యాలను కూడా ఆ వారం మానేశారు. స్పెయిన్ మూలాలున్న సెఫార్దీ యూదులలో చాలామంది తింటారు. మానేసినవారు దీన్ని తోరా నిషేధం అనరు, ‘మా పెద్దల ఆచారం’ అంటారు. అందుకే అది చేర్చడం కాదు. గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదు సముదాయం ఉంది. అలాంటి చోట్ల ఆచారాలు నేర్చుకునేవారికి ఏది ఆజ్ఞ, ఏది కట్టడి, ఏది ఊరి ఆచారం అన్న విభజన ముందుగా తెలియడం మేలని నా అభిప్రాయం.

ప్రకటన గ్రంథం చివరి మాట, ఈ ఆజ్ఞ ఒకటేనా?

క్రైస్తవ పాఠకులు తరచుగా అడుగుతారు. మాటల పోలిక నిజమే. కానీ ప్రకటన 22:18–19 ఆ గ్రంథంలోని ప్రవచన వాక్యాలకు ఏదైనా కలపడం గురించి చెబుతుంది. యూదు సంప్రదాయంలో ఈ నిషేధం ముఖ్యంగా ఆచరణ గురించి: ఎన్ని కుచ్చులు, ఎన్ని రోజులు, ఎన్ని మాటలు అన్న దాని గురించి.

ఈ వచనాన్ని రబ్బీలకు వ్యతిరేకంగా ఎవరైనా వాడారా?

వాడారు. 8వ శతాబ్దంలో అనాన్ బెన్ దావీద్‌తో ముడిపడి మొదలై, తర్వాత స్థిరపడిన కరాయీలు లేఖనాన్ని మాత్రమే ప్రమాణంగా తీసుకుని, రబ్బీల మౌఖిక సంప్రదాయమే ఒక పెద్ద చేర్పు అన్నారు. వారు దేవాలయ పునఃప్రతిష్ఠకు గుర్తుగా వచ్చే దీపాల పండుగ హనుక్కా జరుపరు, ఎందుకంటే అది హీబ్రూ లేఖనంలో లేదు. హనుక్కా దీపం వెలిగిస్తూ ‘ఆజ్ఞాపించావు’ అని ఎలా అంటారన్న ప్రశ్నను తాల్ముదు కూడా వేసుకుంది. పండితుల మాట వినమన్న ద్వితీయోపదేశకాండము 17:11 ద్వారానే ఆ ఆజ్ఞ వస్తుందని సమాధానం ఇచ్చింది.

కొత్త పండుగ ఏర్పాటు చేయవచ్చా?

యరొబాము రాజు ఎనిమిదో నెల పదిహేనో రోజున తన మనసుకు తోచిన పండుగను బేతేలులో పెట్టడాన్ని నహ్మనిదీస్ ఈ నిషేధానికి ఉదాహరణగా చూపాడు. మరి ఎస్తేరు కాలంలో యూదులు సంహారం నుంచి తప్పించుకున్నందుకు జరిపే పూరీము? ఇశ్రాయేలుకు ప్రవచించిన నలభై ఎనిమిది మంది ప్రవక్తలు, ఏడుగురు ప్రవక్త్రినులు తోరాకు దేనినీ చేర్చలేదని, ఎస్తేరు గ్రంథం చదవడం ఒక్కటే మినహాయింపు అని తాల్ముదు చెబుతుంది. దానికి కూడా తోరా నుంచే తర్కం తీశారు: ఐగుప్తు దాస్యం నుంచి విడుదలైనందుకే పాట పాడితే, మరణం నుంచి బయటపడినందుకు ఎందుకు పాడకూడదు? ఆ అనుమతి కోసం ఎనభై ఐదు మంది పెద్దలు, వారిలో ముప్పైమందికి పైగా ప్రవక్తలు, ఎంతో మథనపడ్డారని యెరూషలేము తాల్ముదు రాసింది.

అదే తర్కంతో కొన్ని ఊళ్లు తమ సొంత పూరీములు పెట్టుకున్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1614లో విన్‌సెంట్స్ ఫెట్‌మిల్ష్ నాయకత్వంలో గుంపు యూదుల వీధిని దోచి, వారిని వెళ్లగొట్టింది. 1616లో అతడికి మరణశిక్ష పడి, యూదులు తిరిగివచ్చిన రోజును ‘పూరీమ్ విన్‌సెంట్స్’గా జరుపుకున్నారు. ఇలాంటి స్థానిక పండుగలు చెల్లవన్న పండితులూ ఉన్నారు. ఆ నగరంలోనే పుట్టిన రబ్బీ హతామ్ సోఫెర్ మాత్రం వాటిని సమర్థించాడు. 1948 తర్వాత ఇశ్రాయేలు స్వాతంత్ర్య దినాన కీర్తనలు 113 నుంచి 118 వరకు ‘హల్లెల్’గా పాడాలా అన్న చర్చలో ఈ పాత వాదనలన్నీ తిరిగి వచ్చాయి. కొన్ని సమాజమందిరాలలో ఆ రోజు స్తుతివాక్యంతో సహా పాడతారు, కొన్నింటిలో స్తుతివాక్యం లేకుండా పాడతారు, మరికొన్నింటిలో అసలు పాడరు. పాడి కూడా స్తుతివాక్యం చెప్పనివారు మానుకుంటున్నది ‘ఆజ్ఞాపించావు’ అన్న మాట ఉన్న ఆ ఒక్క వాక్యాన్నే.